సంతకం తనదే

టోకెన్ 14 మాది. లోపల 11 నడుస్తోంది.

కొత్తపేట మెయిన్ రోడ్డు మీద ఓ లేడీ డాక్టర్ క్లినిక్. శనివారం సాయంత్రం కావడంతో కుర్చీలన్నీ నిండిపోయాయి, గోడవారగా మరో ఇద్దరు నిలబడి ఉన్నారు. స్కానింగ్‌కి వచ్చినవాళ్లు లీటరు సీసాలెత్తి గటగటా నీళ్లు తాగుతున్నారు. అందరి ఒళ్లోనూ ఫైళ్లే. నా పక్కన మా అక్క కూతురు. 22 ఏళ్లు. ఎల్బీనగర్‌లో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసుకుంటోంది. దాని చేతిలో ఫైలేమీ లేదు. ఫోన్లో రాసుకున్న ప్రశ్నల్ని మళ్లీ మళ్లీ పైకీ కిందకీ జరుపుకుంటోంది.

అటుపక్క కుర్చీలోని పెద్దావిడ దానివైపు తిరిగి అడుగుతోంది.

"ఎన్నో నెల బిడ్డా?"

"నెల కాదండీ. టీకా వేయించుకుందామని వచ్చా."

"టీకానా? దేనికి?"

మా పిల్ల నావైపు ఒకసారి చూసింది. హాలు నిండా జనం. పెళ్లికాని పిల్ల అని చూడగానే తెలుస్తుంది. గొంతు తగ్గించి ఏదో ఒకటి చెప్పి ఊరుకుంటుందనుకున్నాను. ఏమాత్రం తగ్గించలేదు. "గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్ వస్తుంది కదండీ, అది రాకుండా."

పెద్దావిడ చేతిలోని మాత్రల కవరు ఒళ్లో పెట్టుకుంది. "దానికి టీకా ఉందా? మా ఆడబిడ్డ దాంతోనే పోయింది."

ఎవరూ అడక్కుండానే చెప్పుకుపోతోంది. ముట్లు ఆగిపోయిన ఇన్నేళ్లకి మళ్లీ కనపడితే వేడి చేసిందనుకుందట. సబ్జా గింజలు, సగ్గుబియ్యం జావ తాగిందట. వాసనతో తెల్లబట్ట అవుతుంటే ఎవరికి చెప్పుకుంటుంది? నడుం నొప్పి లేవనివ్వకుండా చేసినప్పుడు గానీ కొడుకుతో నోరు విప్పలేదు. రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్లి కరెంటు పెట్టించారు. అప్పటికే చేయి దాటిపోయింది.

రేడియేషన్‌ని మన ఊళ్లలో కరెంటు పెట్టడం అనే అంటారు. ఎంతమంది ఇళ్లలో ఈ మాట వినబడుతుందో లెక్క చూస్తే గుండె బరువెక్కుతుంది. మన దేశంలో ఏటా 1,20,000 మందికి పైగా ఆడవాళ్లలో ఈ జబ్బు కొత్తగా బయటపడుతోంది. దాదాపు 80,000 మంది చనిపోతున్నారు. రొమ్ము క్యాన్సర్ తర్వాత మన ఆడవాళ్లకి ఎక్కువగా వచ్చేది ఇదే. చాలా క్యాన్సర్లకి ఇదీ కారణం అని ఒక్కదాన్ని వేలెత్తి చూపలేం. దీనికి చూపగలం. హ్యూమన్ పాపిలోమా వైరస్, పొట్టిగా హెచ్‌పీవీ. ఆ సంగతి తేల్చిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌజెన్‌కి 2008లో నోబెల్ వచ్చింది. 2006 నుంచీ టీకా ఉంది. అయినా ఇలాంటి టీకా ఒకటుందన్న మాట ఈ పెద్దావిడ ఇవాళే వింటోంది.

నా ఫోన్ మోగుతోంది. ఖమ్మం నుంచి అక్క.

"నంబరొచ్చిందా?"

"ఇంకా రాలేదక్కా."

"నాకైతే మనసొప్పట్లేదే. పెళ్లి కావాల్సిన పిల్ల. మన ఖమ్మంలో ఏమైందో మర్చిపోయినవా? రోజూ టీవీలో చూపించలే?"

మర్చిపోలేదు. ఖమ్మం జిల్లావాళ్లం ఎవరం మర్చిపోగలం? 2009 జులైలో, ఉమ్మడి రాష్ట్రం ఉండగా, పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి మన జిల్లాలో ఈ టీకా మొదలుపెట్టాయి. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు, దాదాపు 14,000 మంది. వాళ్లలో చాలామంది ఊళ్లలో అమ్మానాన్నల్ని వదిలి హాస్టళ్లలో చదువుకునే గిరిజన పిల్లలు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటి కార్యక్రమమే జరిగింది. కొన్ని నెలలకి, టీకా వేయించుకున్న పిల్లలు చనిపోయారన్న వార్తలు మొదలయ్యాయి. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం మొత్తం ఆపేసింది.

విచారణ జరిగింది. ఒక పాప క్వారీ నీళ్లలో పడిపోయింది. ఒకరిని పాము కరిచింది. పురుగుమందు తాగినవాళ్లున్నారు, ఒకరు మలేరియా ముదిరి పోయారు. ఆ చావులకి టీకా కారణం కాదని విచారణ తేల్చింది. కానీ ఆ విచారణలోనూ, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలోనూ, ఇంకో సంగతి బయటపడింది. అమ్మానాన్నల సంతకం ఉండాల్సిన కాగితాల మీద చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టేశారు. ఏ జబ్బుకి, ఎందుకు, ఏమైనా అయితే ఎక్కడికి వెళ్లాలి అని ఆ పిల్లలకి కూర్చోబెట్టి సరిగా చెప్పలేదు. టీకా తర్వాత ఎవరికేమైందో కనిపెట్టి చూసే ఏర్పాటు కూడా సరిగా లేదు.

ఇన్నేళ్లుగా దీన్ని తలచుకున్నప్పుడల్లా నాకు కలిగే కోపం టీకా మీద కాదు, అడగకపోవడం మీద. పేదవాళ్ల పిల్లలు, అడవి పిల్లలు, వాళ్లనేం అడుగుతాంలే అనుకోవడం మీద. అడిగి, చెప్పి, ఒప్పించి వేసుంటే, ఒక పాము కాటు మరణం వచ్చిపడినా ఊరు నమ్మకం పోగొట్టుకునేది కాదు. అక్క గొంతులోని ఈ భయం అప్పుడు పుట్టిందే.

2010లో అలా ఆపేయడం వల్ల ఇంకోటి కూడా జరిగింది, అది చాలామందికి తెలియదు. అదే సమయంలో దేశంలో తొమ్మిది చోట్ల ఈ టీకా మీద ఒక పెద్ద అధ్యయనం నడుస్తోంది, హైదరాబాద్ శివార్లు కూడా అందులో ఒకటి. రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తేల్చడానికి మొదలుపెట్టారు. 2010 ఆదేశంతో అదీ మధ్యలో ఆగింది. 17,729 మంది పిల్లల్లో కొందరికి మూడూ పడ్డాయి, కొందరికి రెండు, కొందరికి ఒక్కటే. పరిశోధకులు వాళ్లని వదిలేయలేదు, పదేళ్ల పాటు గమనిస్తూనే వచ్చారు. ప్రమాదకరమైన 16, 18 రకాల వైరస్ ఒంట్లో తిష్ఠ వేయకుండా ఒక్క డోసు కూడా 95 శాతం కాపాడిందని 2021లో ప్రకటించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో, 9 నుంచి 20 ఏళ్ల వాళ్లకి ఒక్క డోసైనా సరిపోతుందని చెప్పడానికి దొరికిన గట్టి ఆధారాల్లో ఇదొకటి. ప్రపంచమంతా పేద దేశాల్లో ఇవాళ ఒక్క డోసుతో పిల్లల్ని కాపాడుకుంటున్నారంటే, అందులో మన పిల్లల వంతు ఉంది.

"వింటున్నవా?" అంటోంది అక్క.

"వింటున్నా. లోపలికెళ్లాక డాక్టర్ గారితో నువ్వే మాట్లాడు. ఆ తర్వాతే ఏదైనా."

"14!" అని కేక.

గదిలో ఏసీ చల్లగా తగులుతోంది. బల్ల మీద గులాబీ రంగు ప్లాస్టిక్ గర్భసంచి బొమ్మ. డాక్టర్ గారికి యాభై దాటి ఉంటాయి. "ఎవరికమ్మా?" అని నన్ను చూసి అడిగితే మా పిల్ల, "నాకేనండీ, హెచ్‌పీవీ టీకాకి" అంది.

ఆవిడ కాగితం మీద పేరు, వయసు రాసుకుని తలెత్తారు. "పిన్నిగారా? మీరొక్క ఐదు నిమిషాలు బయట కూర్చోండమ్మా."

లేచి వచ్చేశాను. తలుపు మూసుకుంది. లోపల ఏం అడిగారో, అదేం చెప్పిందో నాకు తెలియదు, నేను అడగను కూడా. 22 ఏళ్ల పిల్లకి డాక్టరు ముందు ఒంటరిగా మాట్లాడుకునే ఐదు నిమిషాలుండాలి. కన్నతల్లి వచ్చినా సరే, బయట కూర్చోవాల్సిందే. ఇది తెలిసిన డాక్టరు దొరకడం అదృష్టం. దొరకకపోతే, "మేడమ్, నేను మీతో విడిగా మాట్లాడాలి" అని పిల్లే అడగొచ్చు, తప్పేమీ లేదు.

మళ్లీ పిలిచారు. డాక్టర్ గారు ప్లాస్టిక్ బొమ్మని తిప్పి పెన్ను మొనతో చూపిస్తున్నారు. పైన గర్భసంచి, కింద యోని, ఆ రెండూ కలిసేచోట సన్నటి మెడ. వెడల్పు దాదాపు అంగుళం. "ఇదీ ముఖద్వారం. వైరస్ వచ్చి కూర్చునేది ఇక్కడే. శారీరకంగా కలిసినవాళ్లలో దాదాపు అందరికీ జీవితంలో ఎప్పుడో ఒకసారి ఇది తగులుతుంది. ఎక్కువమందికి ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. ఎవరికి పోకుండా ఉండిపోతుందో వాళ్లకే ప్రమాదం. అదీ రాత్రికి రాత్రి కాదు, 15, 20 ఏళ్లు పడుతుంది."

మా పిల్ల ఫోన్ తీసింది. "నాకు 22. లేటైపోయిందా మేడమ్?"

"నిజం చెప్పాలంటే 12 ఏళ్లప్పుడు వేయించుకుంటే వచ్చేంత లాభం ఇప్పుడు రాదు. కానీ ఉంది." స్వీడన్‌లో 16 లక్షలకు పైగా ఆడపిల్లల్ని గమనించి చూశారట. 17 ఏళ్ల లోపు వేయించుకున్నవాళ్లలో ఈ క్యాన్సర్ 88 శాతం తగ్గింది. 17 నుంచి 30 మధ్య వేయించుకున్నవాళ్లలో 53 శాతం. "సగానికి పైగా తగ్గినట్టేగా. నువ్వు ఈ రెండో గుంపులో ఉన్నావు. వైరస్ ఒకసారి కూడా తగలనివాళ్లకి ఇంకా మేలు."

"ఒకవేళ అప్పటికే ఒంట్లో ఉంటే?"

"ఉన్నదాన్ని ఇది పోగొట్టదు. మందు కాదు కదా. కానీ ఉన్నది ఒక రకమైతే మిగతా రకాలు రాకుండా ఆపుతుంది. అందుకని ముందు పరీక్షలేమీ అక్కర్లేదు."

"పిల్లలు పుట్టరని వాట్సాప్‌లో వస్తోంది."

"నా దగ్గరకీ వచ్చింది ఆ మెసేజ్." ఆవిడ గొంతు పెంచలేదు, విసుక్కోలేదు. "ఇందులో వైరస్ ఉండదమ్మా. వైరస్ పైపొర లాంటిది ఈస్ట్‌లో తయారుచేస్తారు, అంతే. గింజ తీసేసిన పల్లీకాయ ఎలా ఉంటుందో అలా. పైకి చూస్తే కాయే, నాటితే మొలకెత్తదు. నీ ఒంట్లోని సైన్యం ఆ పైపొరని గుర్తుపెట్టుకుంటుంది, అసలుది వస్తే పట్టేస్తుంది. ఏళ్ల తరబడి ఎన్నో దేశాల్లో కోట్ల మందికి వేశారు. గర్భం రాకపోవడానికీ దీనికీ సంబంధం ఎక్కడా కనపడలేదు. ఆ మాటకొస్తే, ముఖద్వారం క్యాన్సర్ వచ్చి గర్భసంచి తీసేస్తేనే పిల్లలు పుట్టరు."

జపాన్ సంగతి కూడా ఆవిడే ఎత్తారు. టీకా వేయించుకున్న కొందరు పిల్లలకి నొప్పులు, వణుకు వస్తున్నాయని అక్కడి టీవీల్లో చూపించాక, 2013లో ఆ ప్రభుత్వం వేయించుకోమని చెప్పడం మానేసింది. 70 శాతం దాకా వేయించుకునే దేశం ఒక్క శాతం కంటే కిందికి పడిపోయింది. పరిశీలించి, టీకా వల్ల కాదని నిర్ధారించుకుని, మళ్లీ చెప్పడం మొదలుపెట్టేసరికి 2022 వచ్చింది. ఆ తొమ్మిదేళ్ల పాటు పిల్లలు టీకా లేకుండానే పెద్దవాళ్లైపోయారు. వింటుంటే నాకు మన ఖమ్మమే కళ్లముందు కనపడుతోంది.

మా పిల్ల వాళ్లమ్మకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. "అమ్మా, డాక్టర్ గారున్నారు. నీకేం అడగాలనుందో అడుగు."

అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత అక్క మెల్లగా, "అమ్మా, ఇది ఆ... ఆ కలయిక వల్ల వచ్చే జబ్బంట కదా. మా పిల్ల అలాంటిది కాదమ్మా."

"ఏ పిల్లా అలాంటిది కాదమ్మా. రేపు పెళ్లి చేస్తారు కదా? వచ్చే అల్లుడి ఒంట్లో ఏముందో మీరు చూడగలరా? మగవాళ్లకి ఈ వైరస్ ఉన్నా చాలాసార్లు ఏ గుర్తూ ఉండదు. వాళ్లకే తెలియదు."

"పెళ్లయ్యాక వేయిస్తే కాదా?"

"అవుతుంది. కానీ ముందు వేయించుకున్నదానికున్న బలం తర్వాతదానికి ఉండదు."

అల్లుడి మాట చెబితేనే మన ఇళ్లలో తల్లులు వింటారని డాక్టర్ గారికి తెలుసు, అందుకే చెప్పారు. నాకది పూర్తిగా మింగుడుపడలేదు. పెళ్లి ఉన్నా లేకపోయినా, ఎప్పుడు చేసుకున్నా, ఆ ఒళ్లు ఆ పిల్లదే, దాన్ని కాపాడుకోవాలనుకోవడానికి ఇంకో కారణం అక్కర్లేదు. అయినా అక్క గొంతు కాస్త సడలింది. "అది చదువుకున్న పిల్ల. దానిష్టమమ్మా" అంది. ఖమ్మంలో ఎందరో తల్లుల్ని అడగని మాట ఇవాళ మా అక్కని అడిగారు, ఆవిడ జవాబు చెప్పింది.

ఇక ఏ టీకా, ఎంత. పుణేలో సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే సెర్వావ్యాక్ 2023 నుంచి బజారులో ఉంది. నాలుగు రకాల వైరస్‌ని ఆపుతుంది, డోసు దాదాపు 2,000 రూపాయలు. విదేశీ గార్డసిల్ 9 తొమ్మిది రకాల్ని ఆపుతుంది, డోసు దాదాపు 10,000. "డబ్బు సమస్య కాదనుకుంటే తొమ్మిది రకాలది మంచిదే. ఈ క్యాన్సర్లలో ఎక్కువ భాగానికి 16, 18 రకాలే కారణం, అవి రెండింట్లోనూ ఉన్నాయి. ఖరీదైనది కొనలేక అసలే మానేయడం కంటే నాలుగు రకాలది వేయించుకోవడం వెయ్యి రెట్లు నయం." వయసు 15 దాటింది కాబట్టి మూడు డోసులు: ఇవాళ, రెండు నెలలకి, ఆరు నెలలకి. 21 దాటినవాళ్లకి ఆరు నెలల తేడాతో రెండు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోందని కూడా చెప్పి, ఇక్కడ మందు పెట్టె మీదున్న లెక్క ప్రకారం తాను మూడు వేస్తానన్నారు.

"ఇవాళే వేయించుకోవాలని లేదమ్మా. ఇంటికెళ్లి ఆలోచించుకో."

"ఆలోచించుకునే వచ్చాను మేడమ్. సెర్వావ్యాక్ వేయండి."

ఒక కాగితం ఇచ్చారు. తెలుగులోనూ ఉంది. మా పిల్ల గబగబా కింద గీత వెతుక్కుంటుంటే డాక్టర్ గారు వేలు అడ్డం పెట్టారు. "చదివాక పెట్టు సంతకం." చదువుతోంది. పెదాలు కదులుతున్నాయి. ఒకచోట ఆగి ఏదో అడిగి తెలుసుకుంది. అప్పుడు సంతకం పెట్టింది, ఇంటిపేరుతో సహా.

పక్కగదిలో సిస్టర్ ఫ్రిజ్ తలుపు తీసింది. లోపల చిన్న థర్మామీటరు వేలాడుతోంది, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పెట్టె మీద ఎక్స్‌పైరీ తేదీ మా పిల్లకే చూపించింది. సీసా బొటనవేలంత కూడా లేదు. అడుగున తెల్లగా ఏదో పేరుకుని ఉంది, పైన నీళ్లలా తేట. వేళ్ల మధ్య పట్టుకుని బాగా ఊపింది. మొత్తం పాలనురుగు రంగులోకి తిరిగింది. సిరంజిలోకి లాగితే అర మిల్లీలీటరు.

"పొద్దుట్నుంచి ఏమన్నా తిన్నవా? కళ్లు తిరుగుతాయేమో. జ్వరం ఉందా? ఈస్ట్ గానీ ఇంకేదైనా గానీ పడదా? గర్భం లేదు కదా?" అన్నిటికీ జవాబులయ్యాక ఎడమ భుజం మీద దూదితో తుడిచింది. సూది దిగింది. మా పిల్ల ముఖం చిట్లించుకుని, నా చెయ్యి గట్టిగా పట్టుకుని, వదిలేసింది. "చురుక్కుమంది. ఇప్పుడు బరువుగా ఉంది పిన్నీ."

15 నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. సూది తర్వాత కొందరు కళ్లు తిరిగి పడిపోతుంటారు, అందుకే ఈ నియమం. చెయ్యి ఒకట్రెండు రోజులు నొప్పి పెడుతుంది, కొంచెం వాపు, ఒళ్లు వెచ్చబడటం, తలనొప్పి ఉండొచ్చు, పారాసెటమాల్ చాలు. ఊపిరాడకపోవడం, ఒళ్లంతా దద్దుర్లు లాంటివైతే వెంటనే రావాలి, అవి చాలా అరుదు. ఇవన్నీ సిస్టర్ చెబుతుంటే, ఇందాకటి పెద్దావిడ తలుపు దగ్గర నిలబడి వింటోంది. లోపలికి రావచ్చా లేదా అన్నట్టు చూస్తోంది.

"మా మనవరాలికి పదకొండేళ్లు. దానికి వేస్తరా?"

"దానికే బాగా పనిచేస్తుందమ్మా. రెండు డోసులు చాలు. ఆరు నెలల తేడా."

"మరి మా కోడలికి?"

కోడలికి 36 అట. ఆవిడకి టీకా కంటే ముందు పరీక్ష కావాలని సిస్టర్ చెప్పింది. పాప్ స్మియర్, లేదంటే హెచ్‌పీవీ పరీక్ష. ముఖద్వారం దగ్గర చిన్న బ్రష్‌తో తీస్తారు, కోత లేదు, కుట్లు లేవు. క్యాన్సర్‌గా మారకముందే అక్కడి మార్పు దొరికిపోతుంది, అప్పుడైతే చిన్న చికిత్సతో పోతుంది. మా పిల్లకి కూడా ఆ పరీక్ష తప్పదు. టీకా అన్ని రకాల్నీ ఆపదు కాబట్టి 30 నిండాక మానకుండా చేయించుకోవాలని డాక్టర్ గారు కాగితం కింద రాసి గీత గీశారు.

చదువుతున్న మీ ఇంట్లో 9 నుంచి 14 ఏళ్ల పాప ఉంటే ఈ వారమే కనుక్కోండి. ప్రభుత్వం తరఫున మీ ఊళ్లో వేస్తున్నారేమో ఆశా కార్యకర్తని, పీహెచ్‌సీలో అడగండి. లేకపోతే పిల్లల డాక్టరు దగ్గర వేయించండి. వేసే ముందు ఆ పాపకి దేనికి వేయిస్తున్నారో దాని భాషలో చెప్పండి. మీకే ఇరవై దాటి ఉంటే ఎవరి అనుమతి కోసమూ చూడకండి, ప్రశ్నలు రాసుకుని వెళ్లండి, జవాబులు విన్నాక మీరే తేల్చుకోండి. నా మటుకు నన్నడిగితే, 26 లోపు ప్రతి అమ్మాయీ వేయించుకోవాల్సిన టీకా ఇది. 30 దాటిన ప్రతి ఆడమనిషీ, టీకా వేయించుకున్నా లేకపోయినా, ఆ పరీక్ష చేయించుకోవాలి.